న్యూట్‌లకు వేరే ట్యాంకా, చేపలతో కలిపా?

చేపల ట్యాంక్ ఎలాగూ ఉంది, రెండు న్యూట్‌లను (బల్లిలా కనిపించే, నీళ్లలో బతికే చిన్న ఉభయచరాలు) అందులోనే వదిలేస్తే పోదా? చాలామందికి మొదట తట్టేది ఇదే.

ఖర్చు: కలిపితే మిగులు. విడిగా అంటే ట్యాంక్, మూత, నెమ్మదిగా నడిచే ఫిల్టర్ మళ్లీ కొనాలి.

నీళ్లు: అసలు పేచీ ఇక్కడే. ఎర్రటి పొట్ట ఉండే ఫైర్ బెల్లీడ్ రకం న్యూట్‌కు 16 నుంచి 20 డిగ్రీల చల్లని నీళ్లు కావాలి. గప్పీలు, టెట్రాల లాంటి చిన్న చేపలకు దాదాపు 24 ఉండాలి. ఎవరో ఒకరు ఇబ్బంది పడాల్సిందే. గోల్డ్‌ఫిష్‌కు చల్లదనం సరిపోతుంది కానీ నీళ్లను తెగ మురికి చేస్తుంది.

తిండి: న్యూట్ వానపాము ముక్క ముందు ఆగి, తల వంచి, తీరిగ్గా చూస్తుంది. ఈలోగా చేప లాగేసుకుంటుంది.

రిస్క్: కలిపితే చేపలు తోక కొరుకుతాయి. న్యూట్ చర్మంలోని విషం వాటికీ ప్రమాదమే. విడిగా ఉంచితే ఒక్కటే టెన్షన్, మూత. తడి ఒంటితో గాజు ఎక్కేసి సన్నటి సందులోంచి జారుకుంటుంది, బయట ఎండిపోతుంది.

కొత్తవాళ్లయితే విడి ట్యాంకే, తోడుగా అదే జాతి న్యూట్‌లు. అనుభవం, పెద్ద చల్లని ట్యాంక్, దట్టమైన మొక్కలు ఉంటే చల్లని నీళ్లు సరిపడే చిన్న వైట్ క్లౌడ్ చేపలతో ప్రయత్నించొచ్చు. వాటిలో ఒకటీ అరా న్యూట్ నోట్లోకి పోయినా బాధపడకూడదు మరి.