అల్పుహార్రానా, గ్రాసలేమానా? అండలూసియా కొండల్లో సైకిల్ యాత్రకు ఏది మేలు

కార్ల గోల వద్దనుకునేవాళ్లకి దక్షిణ స్పెయిన్‌లోని అండలూసియాలో పాత రైలు కట్టల మీద వేసిన సైకిల్ బాటలు ఉన్నాయి. కొండ పల్లెలు చూడాలనుకునేవాళ్లకి ఘాట్ రోడ్లు ఉన్నాయి. రెండూ ఒకే దారిలో దొరుకుతాయనుకుని మొదటిసారి వెళ్లి నేను దెబ్బతిన్నాను. మ్యాపులో బాట పక్కనే ఊరి పేరు ఉంటుంది. తీరా సాయంత్రం అక్కడికి చేరి తల పైకెత్తితే ఊరు కొండ మీద, మనం కొండ కింద. రోజంతా హాయిగా తొక్కి, కాళ్లు మొరాయించే వేళకి అసలు ఎక్కుడు మొదలవుతుంది.

కారణం వెతుక్కుంటే తేలికే. ఈ ప్రాంతం చాలాకాలం ముస్లిం, క్రైస్తవ రాజ్యాల సరిహద్దు. కోట కొండ కొమ్మున కట్టారు, ఇళ్లు దాన్ని కరుచుకుని పెరిగాయి. రైలుకి ఎక్కుళ్లు పడవు కాబట్టి అది లోయ పట్టుకుని పోయింది. అందుకే ఇప్పుడు దారి ఎంచుకునేటప్పుడు కిలోమీటర్లకంటే ముందు నేను చూసేది ఒకటే: ఈ దారి ఊళ్ల మధ్యగా పోతుందా, ఊళ్ల కిందుగా పోతుందా?

ఈ లెక్కన చూస్తే నేను తొక్కిన రైలు బాటలు రెండూ కిందుగా పోయేవే. స్పెయిన్‌లో వీటిని వియా వెర్దె అంటారు, అంటే పచ్చ బాట. వాటిలో నాకు బాగా నచ్చింది కాదిస్ ప్రాంతంలోని వియా వెర్దె దె లా సియెర్రా. ఓల్వేరా నుంచి ప్వెర్తో సెర్రానో దాకా 36 కి.మీ., దారిలో 30 సొరంగాలు. తమాషా ఏమిటంటే ఈ రైలు మార్గం మీద రైలు ఎప్పుడూ నడవలేదు. 1920లలో పని మొదలుపెట్టి, సొరంగాలు తవ్వి, వంతెనలు, స్టేషన్లు కట్టి, చివరికి పట్టాలు వేసేదాకా రాకుండానే వదిలేశారు. ఎవరూ టికెట్ కొనని స్టేషన్లలో ఇప్పుడు కాఫీ తాగొచ్చు, కొన్నిచోట్ల పడుకోవచ్చు కూడా.

అన్నిటికంటే పొడవైన సొరంగం దాదాపు కిలోమీటరు. కొన్నింట్లో దీపాలున్నాయి కానీ వాటిని నమ్ముకోకండి, సైకిల్‌కి మంచి లైటు ఉండాల్సిందే. ఎండలోంచి ఒక్కసారిగా చీకట్లోకి వెళ్తే కళ్లు అలవాటు పడేలోపు ఎదురుగా ఒక కుటుంబం నడుచుకుంటూ వస్తూ ఉంటుంది. ఆదివారం అయితే మరీను. సగం దారిలో సాఫ్రామగోన్ అనే పెద్ద రాతి గుట్ట వస్తుంది. దాని మీద రాబందుల కాలనీ ఉంది. మన దగ్గర రాబందు కనిపించడమే గగనమైపోయింది కదా, అక్కడ తలెత్తితే చాలు, పెద్ద రెక్కలు చాపుకుని గుండ్రంగా తిరుగుతూనే ఉంటాయి. ఆ గుట్ట కింద నేను పెట్టుకున్న టైమ్‌టేబుల్ అంతా పోయింది.

రెండోది వియా వెర్దె దెల్ ఆసెయితె, అంటే నూనె బాట. హాయెన్ నుంచి ప్వెంతె హెనిల్ దాకా 128 కి.మీ. ఇది నిజంగానే రైలు నడిచిన దారి, ఆలివ్ నూనె మోసిన రైలు. పాత ఇనుప వంతెనలు బాగుంటాయి. చుట్టూ ఆలివ్ తోటలు, తర్వాత ఆలివ్ తోటలు, ఆ తర్వాత కూడా అవే. మొదటి రోజు ముచ్చటగా ఉంటుంది, రెండో రోజుకి మొహం మొత్తుతుంది. నీడ బహు తక్కువ. దీన్ని కాపాడేది స్వేరోస్ అనే ఊరు. బండ మీద కోట, కోట కింద సున్నం వేసిన ఇళ్లు, ఊరికి పైన గబ్బిలాల గుహ. అయితే అదీ బాటకి పైనే ఉంది, ఎక్కాలి. పిల్లలతో వెళ్లేవాళ్లకీ, ఎక్కుడంటే భయపడేవాళ్లకీ ఈ బాట సరిపోతుంది. కొండ పల్లెల కోసం అంత దూరం వచ్చినవాళ్లకి మాత్రం నేను చెప్పను.

ఇక రోడ్లు. అసలు పోటీ గ్రాసలేమా కొండలకీ, అల్పుహార్రాకీ మధ్యే.

గ్రాసలేమా అంటే ఫొటోల్లో చూసే 'తెల్ల ఊళ్ల' ప్రాంతం. రోందా నుంచి మొదలుపెట్టొచ్చు, అక్కడికి రైలుంది. రోందా దాటాక కాసేపు సెవిల్ వైపు పోయే బండ్లతో టెన్షన్ తప్పదు. గ్రాసలేమా మలుపు తిరిగాక ప్రాణం హాయిగా ఉంటుంది. గ్రాసలేమా ఊరు దాటి పాలోమాస్ కనుమ ఎక్కి అవతలికి దిగితే సాఆరా అనే ఊరు వస్తుంది. రాతలో మధ్యన హ ఉన్నా పలకరు, కాబట్టి వినడానికి అచ్చం మన సారాయే. కింద నీలంగా జలాశయం, పైన కోట. గ్రాసలేమా వైపు నుంచి కనుమకి నాలుగైదు కిలోమీటర్ల ఎక్కుడు, అవతల పది కిలోమీటర్లు దాటిన దిగుడు. తిరగేసి వస్తే ఆ దిగుడంతా ఎక్కుడవుతుంది, అదీ నిలువుగా. సామాన్ల సంచులతో అటునుంచి ఎక్కుతున్న ఒకాయన్ని దారిలో చూశాను. పలకరిస్తే జవాబివ్వడానికి కూడా ఆయన దగ్గర ఊపిరి లేదు.

రెండు ఇబ్బందులు ముందే చెప్పాలి. ఒకటి వాన. దక్షిణ స్పెయిన్ అంటే ఎండలే అనుకుంటాం కానీ, అట్లాంటిక్ నుంచి వచ్చే మేఘాలు మొదట తగిలేది ఈ కొండలకే. మొత్తం స్పెయిన్‌లోనే బాగా వానపడే చోట్లలో గ్రాసలేమా ఒకటి. పిన్సాపో అనే అరుదైన ఫిర్ చెట్లు ఇక్కడ బతికి ఉన్నది కూడా ఆ తడి వల్లే. రెండోది మోటార్ సైకిళ్లు. ఈ మలుపులంటే వాళ్లకి పండగ. శని, ఆదివారాల్లో కొండంతా మోత. మంగళవారం అదే రోడ్డు మీద మేకల మెడలో గంటలు వినిపిస్తాయి. ఒకే దారి, రెండు వేర్వేరు దేశాల్లా ఉంటుంది.

అల్పుహార్రా పద్ధతి వేరు. గ్రనాడాకి దక్షిణంగా, సియెర్రా నెవాడా పర్వతాల ఎండ తగిలే వైపు ఉంటుంది. 3,479 మీటర్ల ముల్హాసెన్ శిఖరం ఈ ఊళ్లకి వెనకగోడ. ఒర్హివా నుంచి పాంపనేయిరా దాకా సుమారు 14 కి.మీ.లో 600 మీటర్లు ఎక్కాలి. మొదటి రోజు ఇది తప్పదు. కానీ గండం అక్కడితో చాలావరకు గడిచినట్టే. పైకి చేరాక రోడ్డు కొండ నడుము పట్టుకుని పోతుంది. వాగు వచ్చిన చోట లోపలికి మడత తిరిగి, మళ్లీ బయటికి వస్తుంది. పాంపనేయిరా, పిత్రేస్, పోర్తుగోస్, బుస్కిస్తార్, ఊళ్లన్నీ రోడ్డు మీదే లేదా దాని అంచునే. ఎక్కుళ్లు దిగుళ్లు ఉంటాయి, ప్రాణం తీసేవి కావు. నేను మొదట చెప్పిన లెక్కలో ఇది ఊళ్ల మధ్యగా పోయే దారి.

ఆ ఇళ్లు చూసి నేను సైకిల్ దిగి నిలబడిపోయాను. స్పెయిన్ పల్లెంటే పెంకు కప్పు అనుకుంటాం. ఇక్కడ అన్నీ మిద్దెలే. దూలాలు, వాటి మీద పలకరాళ్లు, ఆ పైన లావునా అనే బూడిదరంగు మట్టి. నీళ్లు దిగకుండా దాన్ని పరుస్తారు. రాయలసీమలో మా అమ్మమ్మ వాళ్ల మట్టి మిద్దె మీద చౌడు పరిచేది సరిగ్గా ఇందుకే. ఒక ఇంటి మిద్దె పై వీధి వాళ్లకి వాకిలిలా ఉంటుంది. సందుల మీదుగా గదులు కట్టి కింద నీడదారి వదులుతారు. ఎండాకాలం సైకిల్ నడిపించుకుంటూ ఆ నీడలో పోతుంటే పక్కనే కాలవ గలగలమంటూ ఉంటుంది. కొండ మంచు కరిగిన నీటిని పొలాలకి తెచ్చే ఆ కాలవల పద్ధతి అరబ్బుల కాలం నాటిది. 1568లో ఇక్కడి మోరిస్కోలు, అంటే బలవంతంగా క్రైస్తవంలోకి మార్చిన ముస్లింలు, తిరగబడి ఓడిపోయారు, వాళ్లని ఊళ్లనుంచి తరిమేశారు. వాళ్ల కాలవలు మాత్రం ఇంకా పారుతున్నాయి.

పాంపనేయిరాలో మధ్యాహ్నం టూరిస్టు బస్సులు ఆగుతాయి, సందడి ఉంటుంది. త్రెవేలెస్ దాటాక అదీ ఉండదు. 1,476 మీటర్ల ఎత్తున్న త్రెవేలెస్ ఎండబెట్టిన పంది తొడలకి పేరు. ఏ బార్‌లోకి వెళ్లినా చూరుకి అవే వేలాడుతుంటాయి. అక్కడినుంచి హువిలేస్ మీదుగా కాదియార్‌కి దిగి, కింది లోయ రోడ్డులో ఒర్హివా చేరితే మొత్తం చుట్టు దాదాపు నూరు కిలోమీటర్లు. గట్టివాళ్లు ఒక్క రోజులో కొట్టేస్తారు. నేను నాలుగు రోజులు తీసుకున్నాను, అదీ తక్కువే అనిపించింది. త్రెవేలెస్, హువిలేస్ మధ్య ఒక గంటలో నన్ను దాటిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని. ఆ దాటినవీ దూరంగానే దాటాయి. సైకిల్‌కి కనీసం మీటరున్నర ఎడం వదలాలని అక్కడ చట్టం. ఊళ్ల బయట రోడ్ల మీద మనమూ హెల్మెట్ పెట్టుకోవాలి, అదీ చట్టమే.

తిండి దగ్గర శాకాహారులకి రెండు చోట్లా కష్టమే. మాంసం వద్దంటే సలాడ్‌లో ట్యూనా చేప వేసి తెస్తారు, వాళ్ల లెక్కలో అది మాంసం కాదు. 'సిన్ హమోన్, సిన్ ఆతూన్', అంటే పంది తొడ వద్దు, ట్యూనా వద్దు అని రెండూ చెప్పాలి. చల్లటి టమాటా సూప్ సాల్మొరేహో మీద కూడా పంది ముక్కలు చల్లుతారు. నన్ను కాపాడింది తేనెపాకం పోసిన వంకాయ వేపుళ్లు, అల్పుహార్రాలో పాపాస్ ఆ లో పోబ్రె. దాని అర్థం 'పేదవాడి బంగాళాదుంపలు'. మిరపకాయలతో, నూనెలో మెత్తగా వేగి ఉంటాయి. ఒర్హివాలో బయటి దేశాల వాళ్లు చాలామంది స్థిరపడ్డారు కాబట్టి అక్కడ కాస్త తేలిక. మధ్యాహ్నం రెండు దాటితే కొట్లు మూసేస్తారు, అయిదు దాకా తెరవరు. ఒకసారి ఈ సంగతి మరిచి, మూడింటికి ఒక ఊరు చేరి, గోంగూర పచ్చడి పొట్లం విప్పి ఉత్త రొట్టెతో తిన్నాను. నిజం చెప్పాలంటే ఆ యాత్రలో అంత రుచైన భోజనం ఇంకోటి లేదు.

ఏప్రిల్, మే లేదా అక్టోబరు మంచి కాలం. జూలై, ఆగస్టుల్లో లోయల్లో 40 డిగ్రీలు దాటొచ్చు. ఏప్రిల్‌లో అయితే గ్రాసలేమాకి రెయిన్ కోటు, త్రెవేలెస్‌కి స్వెట్టర్ పెట్టుకోండి.

నా ఓటు అల్పుహార్రాకే. కానీ సామాన్లతో ఎప్పుడూ కొండ ఎక్కని మిత్రుడు అడిగితే గ్రాసలేమా చుట్టే చెప్తాను, ఎందుకంటే అందులో మధ్యన రైలు బాట కలిసొస్తుంది. రోందా నుంచి గ్రాసలేమా, అక్కడినుంచి కనుమ దాటి సాఆరా, తర్వాత కాస్త ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ప్వెర్తో సెర్రానో, రైలు బాట పట్టి ఓల్వేరా, మర్నాడు బండరాయి కిందే ఇళ్లు కట్టుకున్న సెతెనిల్ మీదుగా మళ్లీ రోందా. ఈ వరసలో రైలు బాట ఎగువకి తొక్కాల్సి వస్తుంది. రైలు కోసం వేసిన వాలు కాబట్టి కాళ్లకి పెద్దగా తెలియదు. చివర్లో స్టేషన్ నుంచి ఓల్వేరా ఊళ్లోకి ఎక్కేది మాత్రం తెలుస్తుంది. అక్కడ నేను దిగి నెట్టుకుంటూ వెళ్లాను.