ప్యాకింగ్ బల్ల మీద కెమెరా, కాటా: రెండేళ్లకు పైగా వాడిన తర్వాత

తిరుపతిలో గాంధీ రోడ్డుకు దగ్గర్లో మాకు చిన్న ఇత్తడి సామాన్ల దుకాణం ఉంది. కుందులు, హారతి పళ్లేలు, గంటలు, పంచపాత్ర, ఉద్ధరిణి సెట్లు అమ్ముతాం. కొండకు వచ్చే యాత్రికులు కొనేది కొంత, ఆన్‌లైన్‌లో పోయేది అంతకంటే ఎక్కువ. ఆన్‌లైన్ బేరంలో మమ్మల్ని బాగా ఏడిపించిన ఫిర్యాదు ఒక్కటే: "పెట్టెలో ఒక వస్తువు తక్కువ వచ్చింది." జత కుందుల్లో ఒకటే ఉందంటారు. సెట్టులో ఉద్ధరిణి లేదంటారు. నిజంగానే తక్కువ అందినవారు ఉంటారు, కాదనను. కానీ దీపావళికి ముందు, కార్తీక మాసంలో ఈ ఫిర్యాదులు ఎందుకు అంతగా పెరుగుతాయో వ్యాపారం చేసేవారికి వేరే చెప్పనక్కరలేదు. కొన్నవారు యాప్‌లో ఒక మీట నొక్కుతారు, వారి డబ్బు వారికి వెళ్లిపోతుంది, మనకు రావలసిన తర్వాతి చెల్లింపులో ఆ మొత్తం కోత పడుతుంది. ఆ తర్వాత రుజువు చూపించుకోవలసిన బాధ్యత మనదే, అదీ గడువులోపు.

అందుకని ప్యాకింగ్ బల్ల దగ్గర మూడు ఏర్పాట్లు చేసుకున్నాం. పైనుంచి కిందికి చూసే వైఫై కెమెరా, ఒక గ్రాము తేడా కూడా చూపే పది కిలోల ఎలక్ట్రానిక్ కాటా, విప్పితే తెలిసిపోయే సీలు కవర్లు. మొదటి విడత ఖర్చు అంతా కలిపి ఐదు వేల రూపాయలు దాటలేదు. ఏది ముందు కొనాలని అడిగితే కాటా అంటాను. అందరూ కెమెరా అంటారని తెలుసు, అయినా కాటానే అంటాను.

కెమెరా మాకు ధైర్యం ఇచ్చింది కానీ మొదట్లో డబ్బు తిరిగి తేలేదు. అమ్మకాలు జరిగే ఆ యాప్ తరఫున ఫిర్యాదులు చూసే సిబ్బందికి మూడు నిమిషాల వీడియో చూసే తీరిక లేదు. పంపిన కాసేపటికే "మీ అభ్యర్థనను పరిశీలించాం" అని అచ్చుగుద్దినట్టు జవాబు వస్తుంది. ఫైలు పెద్దదైతే అసలు ఎక్కదు. పైగా ఇత్తడితో ఇంకో చిక్కు. నేరుగా పైనుంచి పడే ఎల్‌ఈడీ వెలుతురులో మెరుగుపెట్టిన కుంది అంచులు తెల్లగా కాలిపోయినట్టు కనిపిస్తాయి. పక్కపక్కన పెట్టిన రెండు కుందులు వీడియోలో ఒకే మెరుపు ముద్దలా ఉంటాయి. చేత్తో పెట్టిన నాకే లెక్క తెలియలేదు, ఎక్కడో కూర్చుని చూసేవారికి ఏం తెలుస్తుంది? బల్ల మీద ముదురు ఆకుపచ్చ గుడ్డ పరిచి, ఎల్‌ఈడీ లైటును పక్కకు జరిపి, దాని ముందు బటర్ పేపరు అంటించాక గానీ వస్తువుకు వస్తువు విడిగా కనిపించలేదు. లేబుల్ మీది ప్లాస్టిక్ కవరు కూడా అలాగే మెరిసి నంబరును మింగేస్తుంది, అందుకే లేబుల్‌ను కవరులో దూర్చకముందే కెమెరాకు చూపిస్తాం.

తేదీ గొడవ ఇంకా విచిత్రం. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మా కెమెరా సమయం మరిచిపోయేది. ఇంటర్నెట్ అందేదాకా తెర పైన 1970 జనవరి 1 అని వేసుకునేది. చాలా యంత్రాలు లోపల కాలాన్ని ఆ తేదీ నుంచే లెక్కపెడతాయట. అలాంటి వీడియో ఒకటి రుజువుగా పంపితే తేదీ సరిపోలడం లేదని తిప్పికొట్టారు. తప్పు వారిది కాదు, అలా తయారు చేసి అమ్మినవాడిది. రౌటరుకూ కెమెరాకూ కలిపి చిన్న యూపీఎస్ పెట్టాక ఆ బాధ తీరింది. వేసవిలో ఇక్కడ కరెంటు తీరు తెలిసినవారు ఈ ఖర్చును కెమెరా ధరలోనే కలుపుకోవాలి.

మెమరీ కార్డు గురించి కొనేటప్పుడు ఎవరూ చెప్పరు. మా కెమెరా నిమిషానికి దాదాపు 30 ఎంబీ తింటుంది. 128 జీబీ కార్డులో డెబ్బై గంటలు పడుతుంది. రోజుకు ఎనిమిది గంటలు తిరిగితే తొమ్మిదో రోజుకల్లా పాతది చెరిగిపోతుంది. ఈశాన్య రాష్ట్రాలకు పార్సిల్ చేరడానికే వారం పడుతుంది, ఆ పైన వాపసు గడువు ఏడు రోజులో పది రోజులో. ఫిర్యాదు వచ్చేసరికి రుజువు ఉండదన్నమాట. కదలిక ఉన్నప్పుడే రికార్డు చేసే సదుపాయాన్ని నమ్మలేం. ఫ్యాను గాలికి గుడ్డ ఊగినా మొదలవుతుంది, చెయ్యి కదుపుతున్నా ఒక్కోసారి నిద్రపోతుంది. ప్యాక్ చేసేటప్పుడే స్విచ్ వేసి, అవగానే ఆపేస్తున్నాం.

ఇక కాటా. జత కుందులు ఒక్కోటి 400 గ్రాములు, పెట్టె, థర్మోకోల్, టేపు కలిపి 185. మొత్తం 985 వస్తుంది. కొరియరువాళ్లు 500 గ్రాముల మెట్లలో డబ్బు తీసుకుంటారు కాబట్టి కిలోలోపు ఉండేలా చూసుకుంటాం. ఒక పార్సిల్‌ను వారి హబ్బులో, అంటే పార్సిళ్లు వేరుచేసే కేంద్రంలో, తూచి 1,010 అన్నారు, పై మెట్టు రుసుము వేశారు. దాని మీద పోట్లాడదామని కాగితాలు తీసేలోపే అదే పార్సిల్ మీద ఫిర్యాదు వచ్చింది: ఒకే కుంది అందిందని. ఒకటే ఉంటే బరువు ఆరువందల లోపు ఉండాలి కదా! పై రుసుము గురించి నోరు మూసుకుని, హబ్బు బరువు నమోదునే రుజువుగా పెట్టాను. వీడియోకు కరగనివారు అంకెకు కరిగారు. కోత పడిన డబ్బు తిరిగి వచ్చింది. కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వీడియో నా మాట, హబ్బు బరువు వారి సొంత మాట.

అప్పటినుంచి కాటాను కెమెరా చూపులోకి జరిపాం. వస్తువులు, లేబుల్ నంబరు, కాటా మీది అంకె మూడూ ఒకే ఫొటోలో పడాలి. సీలు వేశాక మళ్లీ తూచి ఆ బరువును ఇన్‌వాయిస్ మీద పెన్నుతో రాస్తాం. ప్యాకింగ్ చేసే అమ్మాయి మొదట "ఇంత రాత ఎందుకు సార్, కెమెరా చూస్తూనే ఉంది కదా" అనేది. ఇప్పుడు తనే బరువు తప్పితే పార్సిల్ పక్కన పెట్టేస్తుంది. సెట్టులో ఉద్ధరిణి పడకపోతే పాతిక గ్రాములు తగ్గుతుంది, అక్కడికక్కడే దొరికిపోతుంది. అంటే నిజంగా మా వల్ల తక్కువ వెళ్లే అవకాశం కూడా దాదాపు పోయింది. నాకు ఇది దొంగ ఫిర్యాదులను గెలవడం కంటే పెద్ద లాభంగా అనిపిస్తుంది.

కాటాకూ హద్దులున్నాయి. ఇత్తడి బరువైనది కనుక మాకు కలిసొచ్చింది. శ్రీకాళహస్తి కలంకారీ దుపట్టాలు అమ్మే నా స్నేహితుడికి అంత సాయపడలేదు. తేలికైన సరుకు పెద్ద పెట్టెలో వెళ్తే కొరియరువాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చే ఘనపరిమాణపు బరువునే లెక్కలోకి తీసుకుంటారు, అసలు బరువు పత్రాల్లో వెతికి పట్టుకోవాలి. ఇంకో సంగతి: హబ్బు బరువు పార్సిల్ నిండుగా బయలుదేరిందని చెబుతుంది, నిండుగా చేరిందని చెప్పదు. దారిలో పోయి ఉంటే కొన్నవారు చెప్పింది నిజమే. అప్పుడు కొన్నవారితో కాదు, కొరియరుతో తేల్చుకోవాలి.

ఆ తేడా తేల్చడానికే సీలు కవర్లు. ఊడదీస్తే అతుకు మీద అక్షరాలు బయటపడే రకం. ఆలోచన మంచిదే, కానీ ఇత్తడి మూలలకు సన్న కవర్లు చిరిగిపోయాయి, ఎండలో వ్యానులో నిలిచిన వాటికి జిగురు మెత్తబడింది. మందమైనవి తెప్పిస్తే ఒక్కోటి ధర ఎక్కువ. ఖరీదైన విగ్రహాలకు తప్ప మానేశాను.

పోలీసులు, కోర్టు సంగతి అడుగుతారు కొందరు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రుజువుకు ధ్రువపత్రం జతచేయాలి. వెయ్యి రూపాయల కుందుల కోసం అంతదూరం వెళ్లేవారిని నేను చూడలేదు. అయినా అసలు ఫైలును అలాగే ఉంచుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో కుదించుకుపోతుంది, అంకెలు మసకబారతాయి. ఇక 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం వస్తువులో లోపముంటే అమ్మినవారు వాపసు నిరాకరించకూడదు. అది ఉండవలసిందే. నేనూ ఆన్‌లైన్‌లో కొంటాను.

ఈ ఏర్పాటంతా ఒక మోసాన్ని మాత్రం ఆపలేకపోయింది. కొత్త పళ్లెం కొని, ఇంట్లో నల్లబడిన పాతదాన్ని వాపసు పంపేవారున్నారు. బరువు దగ్గరదగ్గరగా సరిపోతుంది. వాపసు పెట్టెను కూడా అదే కెమెరా కింద విప్పుతున్నాం, కానీ "మీరు పంపిందే ఇది" అంటే వీడియో ఏం చేస్తుంది? ఈ మధ్య చిన్న చెక్కుడు పెన్ను ఒకటి కొని, పళ్లెం అడుగున నంబరు వేసి, ఆ నంబరును కూడా ఫొటోలో పడేలా చూస్తున్నాం. దాని మీద గట్టిగా మాట చెప్పడానికి ఒక దీపావళి గడవాలి.