కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బ్రేకుల పని: కొన్నేళ్లు చేయించాక నా అభిప్రాయం

ముందు చక్రాలకు డిస్కులు (చక్రంతో తిరిగే పళ్లేన్ని రెండు వైపుల నుంచి ప్యాడ్లు పట్టి ఆపుతాయి), వెనక చక్రాలకు డ్రమ్ములు (గిన్నెలాంటి డ్రమ్ము లోపల షూలు విచ్చుకుని ఆపుతాయి) ఉన్న చిన్న పెట్రోల్ కారు నాది. కొన్నప్పటి నుంచి బ్రేకుల పని మొత్తం ఒకే డీలర్ సర్వీస్ సెంటర్‌లో చేయిస్తున్నాను. ముందు ప్యాడ్లు మార్చారు, డిస్కులు మార్చారు, బ్రేక్ ఆయిల్ మార్చారు, డ్రమ్ములు విప్పి శుభ్రం చేశారు. కాబట్టి బాగున్నదేదో, బాగాలేనిదేదో రెండూ చూశాను. నా లెక్కలో అక్కడ సామాను మంచిది, పరికరాలు మంచివి. సలహా మాత్రం మనం అడిగే ప్రశ్నను బట్టి మారుతుంది.

ముందు సామాను గురించి. బయట దొరికే ప్యాడ్లన్నీ నాసిరకమని అనను, మంచి కంపెనీలవి ఉన్నాయి. కానీ నకిలీ డబ్బాల్లో వచ్చేవీ ఉన్నాయి, వాటిని మామూలు కంటితో పట్టుకోలేం. డీలర్ దగ్గర ఆ భయం చాలావరకు తగ్గుతుంది. పార్ట్ నంబర్ బిల్లులో ఉంటుంది. ప్యాడ్ల వెనక ఉండే పల్చటి షిమ్ములు, అంచున పట్టి ఉంచే స్టీల్ క్లిప్పులు సరిగ్గా మన మోడల్‌కే చెందినవి వస్తాయి. ఇవి చిన్న విషయాల్లా కనిపిస్తాయి గానీ, పాత క్లిప్పులే మళ్లీ బిగిస్తే ప్యాడ్ ఆ గాడిలో సరిగా కదలక కీచుమని మొదలుపెడుతుంది. ఎలక్ట్రానిక్ హ్యాండ్ బ్రేక్ ఉన్న కార్లయితే వెనక ప్యాడ్‌ను నొక్కే పిస్టన్‌ను వెనక్కి తీసుకెళ్లడానికి చాలా మోడళ్లలో స్కానర్ (కారు కంప్యూటర్‌కు తగిలించే పరికరం) కావాలి. అలాంటి కారు ఉన్నవాళ్లు స్కానర్ లేని చోట ఇవ్వకపోవడమే మేలు.

ఇక సలహా సంగతి. ఒక మామూలు సర్వీస్‌లో మధ్యాహ్నం అడ్వైజర్, అంటే కౌంటర్‌లో కూర్చుని మనతో మాట్లాడే సర్వీస్ ఉద్యోగి, ఫోన్ చేశాడు. "సార్, ముందు ప్యాడ్లు అయిపోయాయి, మార్చేద్దామా?" అన్నాడు. "ఎన్ని మిల్లీమీటర్లు ఉన్నాయి?" అని అడిగాను. కాసేపు మాట లేదు. కనుక్కుని చెబుతానన్నాడు. నేనే వెళ్లి, చక్రం విప్పి ఉండగానే చూస్తానని అడిగి లోపలికి వెళ్లాను. మెకానిక్ గేజ్ పెట్టి చూపించాడు. బయటి ప్యాడ్‌కు 6 మి.మీ. ఉంది, లోపలి ప్యాడ్‌కు 4 ఉంది. కొత్త ప్యాడ్‌పై అరిగే భాగం మామూలుగా 10 మి.మీ. అటూఇటూ ఉంటుంది. 3 మి.మీ.కు దగ్గర పడితే మార్చమంటారు. అంటే మార్చే సమయం ఇంకా రాలేదు, అడ్వైజర్ మాట తొందరపాటే.

నన్ను ఆపింది ఆ అంకెలు కావు, రెండింటి మధ్య తేడా. ఇలాంటి కార్లలో ముందు క్యాలిపర్‌కు (ప్యాడ్లను డిస్క్‌కు పట్టించే బిగింపు భాగం) పిస్టన్ ఒకవైపే ఉంటుంది. అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కేసి నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్ మొత్తం రెండు పిన్నుల మీద జారుతూ వెనక్కి వచ్చి బయటి ప్యాడ్‌ను లాగి పట్టిస్తుంది. పిన్ను జారకపోతే బరువంతా లోపలి ప్యాడ్ మీదే పడుతుంది. పెడల్ వదిలాక కూడా అది డిస్క్‌కు రాసుకుంటూనే ఉంటుంది. అదే మాట మెకానిక్‌తో అంటే అతను వెంటనే కింది పిన్ను లాగి చూశాడు. చేత్తో రాలేదు, మెలితిప్పుతూ తీయాల్సి వచ్చింది. పిన్నును కప్పే రబ్బరు బూటు (తొడుగు) అంచు చిరిగి ఉంది, లోపల గ్రీజు ఎండి గోధుమరంగు పొరలా అంటుకుపోయింది. పిన్ను తుడిచి, రంధ్రం శుభ్రం చేసి, కొత్త బూటు తొడిగి, బ్రేకులకు వాడే గ్రీజు పల్చగా రాశాడు. ఆ తర్వాత ఒక్క వేలితో నెడితే జారింది. మామూలు గ్రీజు అక్కడ రాయకూడదు, అది రబ్బరును ఉబ్బిస్తుంది. అతనికి ఆ సంగతి తెలుసు, డబ్బా కూడా వేరేగా పెట్టుకున్నాడు.

ఆ రోజు ప్యాడ్లు మార్చేసి పిన్ను అలాగే వదిలేస్తే ఏమయ్యేది? కొత్త ప్యాడ్లు కూడా లోపలివే ముందు అరిగి, "మీరు సిటీలో ఎక్కువ తిప్పుతారు కదా సార్" అనే మాట వచ్చేది. పాత ప్యాడ్లే ఆ తర్వాత చాలా రోజులు నడిచాయి. అందుకే నేను మెకానిక్‌కు మంచి మార్కులు వేస్తాను, కౌంటర్‌కు అన్ని వేయను. పనివాడికి పని తెలుసు. కౌంటర్‌లో కూర్చున్నవాడు తెరమీద కనిపించే కిలోమీటర్ల లెక్క చూసి మాట్లాడుతున్నాడు. అప్పటి నుంచి జాబ్ కార్డులో, అంటే చేయాల్సిన పనులు రాసే కాగితంలో, "బ్రేక్ చెకప్" అని రాయనివ్వను. "నాలుగు చక్రాల ప్యాడ్, షూ మందం మిల్లీమీటర్లలో రాయాలి, లోపలిదీ బయటిదీ విడివిడిగా" అని రాయిస్తాను. అలా రాయించాక మార్చాలనే ఫోన్లు బాగా తగ్గాయి.

బిల్లులో "బ్రేక్ క్లీనింగ్" అని ఒక వరుస వస్తుంది చూడండి, దాని గురించి కొంచెం చెప్పాలి. మంచి రోజున దానర్థం క్యాలిపర్ విప్పి, పిన్నులు తీసి, ప్యాడ్ అంచులు రుద్ది, క్లిప్పుల గాడి శుభ్రం చేయడం. రద్దీ రోజున చక్రం విప్పి స్ప్రే కొట్టి తుడవడం. రెండింటికీ బిల్లులో మాట ఒకటే, డబ్బూ ఒకటే. వెనక డ్రమ్ముల సంగతి ఇంకా దారుణం. డ్రమ్ము విప్పకుండానే "చూశాం, బాగున్నాయి" అనేస్తారు. విప్పితే గానీ షూ ఎంత ఉందో, షూలను తోసే వీల్ సిలిండర్ నుంచి ఆయిల్ ఊరుతోందో లేదో తెలియదు. హ్యాండ్ బ్రేక్ లివర్ మునుపటికంటే పైకి వస్తోందని చెబితే ఒకసారి తేలిగ్గా కేబుల్ బిగించి ఇచ్చేశారు. మొదట షూల అడ్జస్ట్‌మెంట్ చూడాలి, కేబుల్ ఆఖరున. షూలు దూరంగా ఉండగా కేబుల్ లాగి బిగిస్తే లివర్ బాగున్నట్టు అనిపిస్తుంది, పెడల్ మాత్రం లోతుగానే వెళ్తుంది. తిరిగి తీసుకెళ్లి చెప్పాక డ్రమ్ములు విప్పారు. ఆ పని బాగానే చేశారు, అదనంగా డబ్బులు అడగలేదు.

డిస్కుల దగ్గరికి వస్తే డీలర్ పట్ల నా గౌరవం కాస్త పెరిగింది. హైవే వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణకడం మొదలైంది. డిస్క్ వంగిపోయిందని అందరూ అనే మాటే అక్కడా అన్నారు. నిజానికి చాలాసార్లు డిస్క్ వంగదు. చుట్టూ మందం ఒకేలా లేకపోవడం వల్ల ప్యాడ్ పల్చటి చోట ఒకలా, దళసరి చోట ఇంకోలా పట్టుకుంటుంది, ఆ తేడా చేతికి వణుకుగా తెలుస్తుంది. ఈసారి అడగకముందే మైక్రోమీటర్ తెచ్చి అంచు నుంచి కొంచెం లోపలగా కొన్ని చోట్ల కొలిచారు. డిస్క్ మీదే కనీస మందం అచ్చు వేసి ఉంటుంది. నావి దానికి చాలా దగ్గరగా వచ్చేశాయి. లేత్ పట్టించి నున్నగా చెక్కిస్తే ఆ కనీసం కంటే కిందికి దిగిపోతాయి. కాబట్టి కొత్తవే వేయాలన్నారు, నాకూ సరే అనిపించింది. డిస్కులు మార్చినా, ప్యాడ్లు మార్చినా ఒకే ఇరుసుకు రెండు వైపులా మార్చాలి. ఒకవైపే మార్చి మిగతాది తర్వాత చూద్దామంటే బ్రేక్ వేసినప్పుడు కారు పక్కకు లాగే ప్రమాదం ఉంది. ఈ విషయంలో వాళ్లు బేరానికి ఒప్పుకోలేదు, మంచిదే.

బిగించేటప్పుడు మాత్రం నేను దగ్గరే నిలబడ్డాను. డిస్క్, చక్రం బిగించే హబ్ మీద తుప్పు పొర ఉంటే దాని మీద కూర్చున్న కొత్త డిస్క్ వెంట్రుకవాసి పక్కకు ఒరుగుతుంది. మొదట ఏమీ తెలియదు. కొన్ని వేల కిలోమీటర్లు తిరిగాక, ఒకేచోట రాసుకుని రాసుకుని మళ్లీ మందంలో తేడా వచ్చి వణుకు తిరిగొస్తుంది. చక్రం నట్లు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ బిగించినా ఇదే తంతు. హబ్ బ్రష్‌తో బాగా రుద్దారు. నట్ల దగ్గర మాత్రం ఎయిర్ గన్‌తో బర్రున బిగించి ఊరుకోబోయారు. టార్క్ రెంచ్ (నిర్ణయించినంత బిగువు రాగానే క్లిక్ మనే రెంచ్) వాడమని అడిగితే కుర్రాడు నవ్వి, గోడకు వేలాడుతున్నది తెచ్చి, ఎదురెదురు నట్ల క్రమంలో క్లిక్ మనేదాకా బిగించాడు. పరికరం అక్కడే ఉంది, అడిగితేనే చేతికి వస్తుంది! ఆ డిస్కులు ఇప్పటికీ వణుకు లేకుండా ఉన్నాయి.

బ్రేక్ ఆయిల్ విషయంలో డీలర్ చెప్పే గడువును నేను పాటిస్తాను. నా కారు మాన్యువల్‌లో 2 ఏళ్లు అని ఉంది. ఈ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, అదే దాని చిక్కు. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం. దాదాపు 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు దిగిపోతుంది. కొండదారిలో దిగుతూ బ్రేక్ మీద కాలు పెట్టి ఉంచితే క్యాలిపర్లు వేడెక్కుతాయి, అలా తేమ చేరిన ఆయిల్‌లో ఆవిరి బుడగలు పుట్టొచ్చు, పెడల్ నేలదాకా వెళ్లొచ్చు. చూడటానికి రంగు బాగుందని ఏళ్లతరబడి వదిలేసేవాళ్లు ఉన్నారు. రంగు చూసి తేమ ఎంతుందో చెప్పలేం.

అయితే "టాప్-అప్" పేరుతో కొంచెం కొంచెం పోయడం నాకు నచ్చదు. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు బయటికి వస్తాయి, ఆ ఖాళీలోకి ఆయిల్ వెళ్తుంది, డబ్బాలో మట్టం కొద్దిగా తగ్గుతుంది. అది మామూలే. మట్టం కనీస గీత దగ్గరికొస్తే ముందు ప్యాడ్లు చూడాలి, తర్వాత లీకు ఉందేమో చూడాలి. నింపేసి పంపితే ఆ సూచన పోతుంది. పైగా కొత్త ప్యాడ్లు వేయడానికి పిస్టన్ వెనక్కి నొక్కినప్పుడు ఎక్కువైన ఆయిల్ పైనుంచి పొంగుతుంది. అది పెయింట్ మీద పడితే పెయింట్ పాడవుతుంది.

ఆయిల్ మార్పించిన ఒకసారి కారు తీసుకుని గేటు దాటకముందే పెడల్ మెత్తగా అనిపించింది. రెండుసార్లు గబగబా నొక్కితే గట్టిపడుతోంది. లైన్లో గాలి మిగిలిందన్నమాట. అక్కడే రివర్స్ చేసి లోపలికి తీసుకెళ్లాను. "కొత్త ఆయిల్ కదా సార్, అలవాటు పడుతుంది" అని కౌంటర్‌లో ఎవరో అన్నారు. ఇదొక్కటీ నాకు నిజంగా కోపం తెప్పించిన మాట. మెత్తటి పెడల్ దానంతటదే సర్దుకోదు. సూపర్‌వైజర్ వచ్చి స్వయంగా నొక్కి చూసి, మాట్లాడకుండా కారు లిఫ్ట్ ఎక్కించాడు. స్కానర్ పెట్టి ఏబీఎస్ (గట్టిగా బ్రేక్ వేసినప్పుడు చక్రాలు లాక్ కాకుండా చూసే వ్యవస్థ) యూనిట్‌ను కూడా నడిపించి మళ్లీ గాలి తీశారు. పెడల్ రాయిలా వచ్చింది. ఇప్పుడు నా అలవాటేమిటంటే, సంతకం పెట్టే ముందు ఇంజిన్ ఆన్‌లో పెట్టి పెడల్ మీద కాలు గట్టిగా ఆనించి కాసేపు ఉంచుతాను. మెల్లగా కిందికి దిగుతుంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ను తోసే భాగం) మీదో, లీకు మీదో అనుమానం. దిగకపోతే ప్రాంగణంలో తక్కువ వేగంలో బ్రేక్ వేసి చూసి బయలుదేరతాను.

ఖర్చు ఎక్కువే, దాచేదేం లేదు. లేబర్ చార్జీ అసలు పట్టిన సమయానికి కాదు, ఆ పనికి కంపెనీ పెట్టిన గంటల లెక్కకు వేస్తారు. ప్యాడ్లు, షూలు అరిగే వస్తువులు కాబట్టి వారంటీ మామూలుగా వాటికి వర్తించదు. క్యాలిపర్ లాంటి దానిలో తయారీ లోపం తేలితే వారంటీలో అడగొచ్చు. తీసేసిన పాత భాగాలు నాకు చూపించి, డబ్బాలో పెట్టి ఇవ్వమని ముందే జాబ్ కార్డులో రాయిస్తాను. అవి చేతిలో ఉంటే ప్యాడ్ ఏటవాలుగా అరిగిందా, పగుళ్లు ఉన్నాయా అన్నది మనమే చూసుకోవచ్చు. ఆ తర్వాత వచ్చే ఫీడ్‌బ్యాక్ ఫోన్లు మాత్రం ఒక హింస. "పదికి పది ఇవ్వండి సార్" అని అడ్వైజర్ ముందే బతిమాలతాడు. పాపం వాడి ఇన్సెంటివ్ దానిమీద ఉంటుందేమో, కానీ నేను ఏడు అనిపిస్తే ఏడే ఇస్తాను.

కొత్త ప్యాడ్లు వేయించుకున్నవాళ్లు మొదటి రోజుల్లో టెన్షన్ పడతారు. పట్టు కొంచెం తక్కువగా అనిపించడం సహజం. ప్యాడ్ పదార్థం డిస్క్ మీద సమంగా పరుచుకోవాలి. రోడ్డు ఖాళీగా ఉన్నప్పుడు మధ్యస్థ వేగం నుంచి మెత్తగా, పూర్తిగా ఆపకుండా పదే పదే తగ్గిస్తూ మధ్యలో చల్లారనిస్తే అది కుదురుకుంటుంది. ఈ మాట డెలివరీ ఇచ్చేటప్పుడు ఎవరూ చెప్పరు. చిన్న కాగితం మీద అచ్చేసి ఇస్తే సరిపోయేది. వాన పడిన మర్నాడు పొద్దున్నే గరగరమంటే డిస్క్ మీద పల్చటి తుప్పు, నాలుగైదు బ్రేకులకు పోతుంది. బ్రేక్ వేసిన ప్రతిసారీ సన్నగా, గట్టిగా కీచుమంటే వేరు. అది చాలా ప్యాడ్లలో అరుగుదల హెచ్చరించే రేకు డిస్క్‌కు తగులుతున్న చప్పుడు కావచ్చు.

నా కారులో తేలనిది ఒకటుంది. పొద్దున చల్లగా ఉన్నప్పుడు రివర్స్‌లో చిన్న కూత వస్తుంది, రెండుసార్లు చూపించినా వాళ్లకు కారణం దొరకలేదు. కొలతలు బాగున్నాయి కాబట్టి నేనూ పట్టు పట్టలేదు. వచ్చే సర్వీస్‌కు వెనక డ్రమ్ములు విప్పడం, బ్రేక్ ఆయిల్ మార్చడం రెండూ ఉన్నాయి. అక్కడే చేయిస్తాను, కాకపోతే శనివారం రద్దీలో కాదు, వారం మధ్యలో పొద్దున్నే మొదటి స్లాట్ తీసుకుని, అదే మెకానిక్ ఉన్నాడో లేదో ఫోన్ చేసి కనుక్కుని వెళ్తాను.