విశాఖ ఇంటికి వైకుంఠం సెరిగ్రాఫ్: చిత్రానికి నిండు మార్కులు, పటానికి కాదు

తెలంగాణ చిత్రకారుడు తోట వైకుంఠం చిత్రాన్ని ఇంట్లో పెట్టుకోవాలన్న కోరిక ఉండి, లక్షల్లో పలికే అసలు చిత్రాన్ని కొనే స్తోమత లేనివారికి సెరిగ్రాఫ్ (రంగుకో తెర చొప్పున అచ్చువేసిన ప్రతి) అన్నిటికన్నా మంచి మార్గమని నా అభిప్రాయం. ఆయన సంతకంతో, వరుస సంఖ్యతో ఉన్న ఒక సెరిగ్రాఫ్‌ను ఆన్‌లైన్‌లో చిత్రాలు అమ్మే ఒక గ్యాలరీ నుంచి, పటం (ఫ్రేము) కట్టించి మరీ, ఎం.వి.పి. కాలనీలోని మా ఇంటికి తెప్పించుకున్నాను. చిత్రం నాకు పూర్తి తృప్తినిచ్చింది. పటం మాత్రం సముద్రం పక్కన ఉన్న ఊరికి ఏమాత్రం తగినది కాదు.

మా దగ్గరకు వచ్చిన చిత్రంలో పక్కకు తిరిగి కూర్చున్న ఒక స్త్రీ, ఆమె చేతి మీద చిలుక ఉన్నాయి. నల్లని నిండైన మేని ఛాయ, నుదుటి మీద సగం చోటు ఆక్రమించిన కుంకుమ బొట్టు, కొప్పులో పూలు, ముక్కుకు నగ, వెడల్పు అంచున్న ఎర్రచీర అన్నీ వైకుంఠం గుర్తులే. ఆయన 1942లో కరీంనగర్ ప్రాంతంలోని బూరుగుపల్లిలో పుట్టారు. ఊరికి వచ్చే నాటక సమాజాల్లో ఆడవేషం కట్టిన మగవారి అలంకరణను, వారి ముఖాల మీది గాఢమైన రంగులను చిన్నతనంలో ఆశ్చర్యంగా చూసిన పిల్లవాడి జ్ఞాపకం ఈ స్త్రీల కళ్లు తీర్చిదిద్దిన తీరులో, మెడ నిలిపిన తీరులో నాకు కనిపిస్తుంది. హైదరాబాదులో, ఆ తరువాత బరోడాలో ప్రసిద్ధ చిత్రకారుడు కె.జి. సుబ్రహ్మణ్యన్ దగ్గర చదువుకున్నా, ఆయన గీత చివరకు తన ఊరి మనుషుల దగ్గరకే తిరిగి వచ్చింది. నామాలు దిద్దుకుని ఉత్తరీయం వేసుకున్న పురోహితులు, పసుపు కుంకుమలతో నిండుగా ఉన్న గృహిణులు ఆయన చిత్రాల్లో మళ్లీ మళ్లీ వస్తారు.

తెలంగాణ పల్లె మనుషులు విశాఖ గోడ మీద పరాయిగా కనిపిస్తారేమోనని సందేహించేవారికి నేను చెప్పగలిగింది ఒక్కటే. బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి భక్తులు తమ చేతులతోనే పసుపు కుంకుమలు సమర్పించుకోవడం చూసినవారికి, రెండు వైపులా ముక్కుపుడకలు పెట్టుకున్న శ్రీకాకుళం, విజయనగరం పల్లెల పెద్దమ్మలను ఎరిగినవారికి ఈ ఎరుపు, ఈ పసుపు కొత్తవి కావు. విజయనగరంలో చిత్రకారుడు అంట్యాకుల పైడిరాజు కూడా మన పల్లె స్త్రీలను ఎంతో ప్రేమతో చిత్రించారు.

ఇక ముద్రణ. సెరిగ్రాఫ్ అంటే స్క్రీన్ ప్రింటింగే; ఒకప్పుడు శుభలేఖలు అచ్చువేసిన పద్ధతే, కానీ చాలా ఎక్కువ ఓపికతో చేసే పని. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క తెర తయారుచేసి, ఆ రంగు పడకూడని చోట తెరను మూసివేసి, సిరాను రబ్బరు పట్టీతో కాగితం మీదికి ఒత్తుతారు. ఒక రంగు ఆరిన తరువాత, అంచులు తప్పకుండా సరిచూసుకుంటూ మరొకటి వేస్తారు. ఈ పద్ధతిలో రంగు చదునుగా, మందంగా, చిక్కగా పడుతుంది. వైకుంఠం కూడా అనేక రంగులు కలిపి సాధించే సన్నని ఛాయల కన్నా, ఎరుపు, నారింజ, పసుపు వంటి తేటరంగులను నిండుగా పరచడాన్నే ఇష్టపడతారు కాబట్టి, పద్ధతి ఆయన చిత్రానికి అతికినట్టు సరిపోయింది. అందరికీ ఇలా కుదరదు. శ్రీకాకుళంలో పుట్టి, కశింకోటలో స్థిరపడి, చందమామ ముఖచిత్రాలతో మన బాల్యాన్ని నింపిన వడ్డాది పాపయ్య గారి బొమ్మల్లో ఒక రంగు మరో రంగులోకి పొగలా కరిగిపోతుంది. ఆ మృదుత్వాన్ని తెరల ముద్రణలో పట్టుకోవాలంటే లెక్కలేనన్ని తెరలు కావాలి.

కొనేవారు కొంత పరిశీలించుకోవాలి. చిత్రం కింద ఒకవైపు పెన్సిలుతో భిన్నం రూపంలో వేసిన సంఖ్య ఉంటుంది. కింది అంకె మొత్తం ఎన్ని ప్రతులు వేశారో, పై అంకె మీ ప్రతి వాటిలో ఎన్నోదో చెబుతుంది. సంతకం కూడా పెన్సిలుతో చేసినదే అయి ఉండాలి తప్ప చిత్రంతోపాటు అచ్చయినది కాకూడదు. భూతద్దంతో చూసినప్పుడు రంగు సన్నని చుక్కలుగా విడిపోతే అది మామూలు అచ్చు ప్రతి. మా ప్రతిని కిటికీ వెలుగులో ఏటవాలుగా పట్టి చూస్తే, చీర అంచు దగ్గర సిరా పొర కాగితం మీద కొద్దిగా లేచి కనిపించింది. ఆ అంచును వేలితో తాకాలనిపించింది గానీ, వేలి జిడ్డు కాగితాన్ని పాడుచేస్తుందని ఆగాను.

పటం దగ్గర మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది. అంత శ్రద్ధగా వేసిన ముద్రణకు వెనుక చవకరకం అట్ట పెట్టి, కాగితాన్ని మామూలు టేపుతో అంటించి, ముందు గాజును నేరుగా రంగు మీద ఆనించి పంపారు. విశాఖలో గాలి ఏడాదిలో ఎక్కువ భాగం తేమగానే ఉంటుంది. గాజుకు ఆనిన సిరా ఆ తేమలో గాజుకే అతుక్కుంటుంది, ఆమ్లం ఉన్న అట్ట కాగితాన్ని పసుపురంగుకు తిప్పుతుంది, గోధుమరంగు బూజు మచ్చలు పడతాయి. బీచ్ రోడ్డుకు దగ్గరి ఇళ్లలోనైతే ఉప్పుగాలికి మేకులూ కొక్కేలూ త్వరగా తుప్పు పడతాయి. గ్యాలరీ వారికి ఫోన్ చేస్తే మర్యాదగా మాట్లాడారు, కానీ పటం మార్చి ఇస్తామని అనలేదు.

చివరకు ఊళ్లోనే పటాలు కట్టే ఒక పెద్దాయన దగ్గర మళ్లీ కట్టించాను. ఆయన చిత్రానికీ గాజుకూ మధ్య ఖాళీ ఉండేలా ఆమ్లరహితమైన మౌంటు బోర్డు (చిత్రం చుట్టూ అంచులా వేసే మందపు అట్ట) వేసి, కాగితాన్ని పైభాగంలో మాత్రమే పలుచని కాగితపు పట్టీలతో నిలిపి, వెనుక భాగాన్ని దుమ్ము, పురుగులు చొరబడకుండా మూసి, స్టెయిన్‌లెస్ స్టీలు కొక్కేలు బిగించి ఇచ్చారు. “గోడకు ఆనించకండమ్మా, వెనకాల గాలి ఆడాలి” అని కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు కూడా అంటించారు. ఖర్చు కొంత ఎక్కువే అయినా, చిత్రం ధరతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

కాబట్టి విశాఖవాసులు సెరిగ్రాఫ్‌ను పటం లేకుండానే తెప్పించుకోవడం మేలు. చుట్టి పంపేటట్లయితే వెడల్పాటి గొట్టంలో పంపమని ముందే అడగాలి, ఎందుకంటే బిగుతుగా చుడితే మందపు సిరా పగిలే ప్రమాదం ఉంది. తూర్పు కిటికీ ఎండ నేరుగా పడే గోడనూ, స్నానాలగదికి ఆనుకున్న గోడనూ వదిలి, హాలులో లోపలి గోడను ఎంచుకోవాలి. మేము అలాగే పెట్టాము. వానాకాలం గడిచిన తరువాత విప్పించి చూసినప్పుడు కాగితం మీద ఒక్క మచ్చ కూడా లేదు.