పాత కారు తుక్కును గుర్తుపట్టడానికి ఏది మేలు: గ్రిల్లా, ఇంజనా, డోర్ పిల్లరా?

తుప్పు పట్టిన కారు ఫొటో ఒకటి వాట్సాప్‌లో పెట్టి "ఇది ఏ కారు?" అని అడిగితే, పది మందిలో తొమ్మిది మంది చూసేది ముందు భాగమే. గ్రిల్, హెడ్‌లైట్లు, బానెట్ మీద బొమ్మ. అవి ఉంటే క్షణంలో పేరు చెప్పేస్తారు, లేకపోతే చేతులెత్తేస్తారు. మెకానిక్‌ని అడిగితే మాత్రం "ముందు ఇంజన్ చూపించండి" అంటాడు. కాగితాల సంగతి తెలిసినవాళ్లు నంబర్ ప్లేటు వెతుకుతారు. నా లెక్కలో ఈ మూడింటికన్నా ముందు చూడాల్సింది ఎవరూ పట్టించుకోని చోటు: డోర్లు ఊడిపోయాక నిలబడి ఉన్న పిల్లర్లు, ఫ్లోర్ కింది భాగం. ఒక్క జీపు విషయంలో మాత్రం బాడీని వదిలేసి, కింది ఇనుప చట్రాన్నే, అంటే ఛాసిస్‌నే నమ్మాలి.

మన వైపు పాడుబడిన షెడ్లలో, రైస్ మిల్లుల వెనక, పాత బంగళాల కాంపౌండ్లలో కనబడేవి ఎక్కువగా నాలుగు రకాలే. అంబాసిడర్, దాని ముందుతరాలు, ఫియట్, దాని తర్వాతి రూపమైన పద్మిని, మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్, ఇక జీపులు. ఎప్పుడైనా ఒక డాడ్జ్, ప్లిమత్ తగిలితే అదృష్టమే.

ముందు భాగాన్ని ఎందుకు నమ్మకూడదో అంబాసిడర్ దగ్గరే తెలుస్తుంది. హిందుస్థాన్ మోటార్స్ ఉత్తరపారా ఫ్యాక్టరీలో 50ల మధ్యలో వచ్చిన ల్యాండ్‌మాస్టర్‌కి మూలం మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 2. ఆ తర్వాతి సిరీస్ 3 నుంచి వచ్చింది అంబాసిడర్. అది 2014 దాకా తయారైంది. 60ల మొదట్లో వచ్చిన మార్క్ 2కి చిన్న చిన్న గళ్ల గ్రిల్ పెట్టారు. 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 వచ్చాయి. ప్రతిసారీ మారింది ప్రధానంగా ముఖమే. డోర్లు, టాప్ దాదాపు అలాగే కొనసాగాయి. అందుకే గుద్దుకున్న మార్క్ 2కి మార్క్ 4 ముఖం బిగించడం ఏ టింకరింగ్ షెడ్డులోనైనా జరిగే పనే. ముందు మడ్‌గార్డులు బోల్టుల మీద ఉంటాయి, కొత్తవి దొరికినప్పుడు పాతవి ఎవరూ సాపు చేయరు. మార్క్ 4 గ్రిల్ కనబడిందని అది 80ల కారు అనుకుంటే పప్పులో కాలేసినట్టే. వెనక్కి వెళ్లి చూడటం నయం. ల్యాండ్‌మాస్టర్ వెనక భాగం గుండ్రంగా జారిపోతుంది. అంబాసిడర్‌కి వెనక మడ్‌గార్డుల చివర చిన్న రెక్కల్లా లేస్తాయి. బానెట్ మిగిలి ఉంటే ఇంకో సాక్ష్యం: ల్యాండ్‌మాస్టర్‌ది నున్నగా ఉంటుంది, అంబాసిడర్ బానెట్ రేకులో పొడవాటి నొక్కులుంటాయి. కాకపోతే బానెట్ కూడా ఊడేదే కాబట్టి దానికి సగం మార్కులే వేస్తాను.

మరి ఇంజన్? బరువైనది, నంబరున్నది, కాబట్టి నమ్మదగినదని అనిపిస్తుంది. మన దేశపు కార్ల విషయంలో ఇది బాగా బలహీనమైన సాక్ష్యం. ఇంజన్లు మార్చేయడం దీనికి ఒక కారణం. పెట్రోలు ఖర్చు భరించలేక అంబాసిడర్‌లో మెటడార్ వ్యాన్ డీజిల్ ఇంజన్ దింపినవాళ్లు లెక్కలేనంత మంది. ఇంకో కారణం లైసెన్స్ రాజ్, అంటే ఏం తయారుచేయాలన్నా ప్రభుత్వ అనుమతి కావాల్సిన రోజులు. పోటీ లేదు, మార్చాల్సిన అవసరం కంపెనీకీ లేదు. ల్యాండ్‌మాస్టర్‌లో ఉన్న 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజన్‌నే మొదటి అంబాసిడర్లలోనూ పెట్టారు. పైన రాకర్ కవర్ (వాల్వుల మీది మూత) లేకుండా, చదునైన హెడ్ మీద ప్లగ్గులు నిలబడి ఉన్న ఇంజన్ కనబడితే ఆ రెండింట్లో ఏదైనా కావచ్చు. 1959లో వచ్చిన 1489 సీసీ ఇంజన్ తర్వాత దశాబ్దాల పాటు సాగింది. ఫియట్ 1100 మొదలుకొని పద్మిని దాకా అదే 1089 సీసీ. హెరాల్డ్ 1961లో మొదలైనప్పుడు ఉన్న 948 సీసీ ఇంజనే 70లలో దాని తర్వాత వచ్చిన గాజెల్‌లోనూ కనబడుతుంది. అంటే ఇంజన్ అసలుదే అయినా అది కుటుంబం పేరు చెబుతుంది గానీ, ఆ కుటుంబంలో ఇది ఎవరో చెప్పదు.

ఇప్పుడు పిల్లర్ సంగతి. ఫియట్‌తో చూస్తే దీని విలువ తెలుస్తుంది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ 1954 నుంచి తయారుచేసిన తొలి ఫియట్ 1100లకు ముందు డోర్ల మడతబందులు వెనక అంచున ఉండేవి, డోర్లు ఇప్పటి కార్లకు తలకిందులుగా తెరుచుకునేవి. మరాఠీవాళ్లు డుక్కర్ (పంది) ఫియట్ అని ముద్దుగా పిలుచుకునే కారు ఇదే. 1964లో డిలైట్ అనే మోడల్ వచ్చినప్పటి నుంచి ముందు డోర్లు మామూలుగా, ఇప్పటి కార్లలా తెరుచుకోవడం మొదలైంది. డోర్లు పోయినా, అద్దాలు పోయినా, సీట్లు ఎలుకల పాలైనా పర్లేదు. ముందు డోరుకీ వెనక డోరుకీ మధ్య నిలబడ్డ పిల్లర్ దగ్గర కూర్చుని చూడండి. రెండు పక్కలా మడతబందులు గానీ, వాటిని కోసేసిన మొండేలు గానీ ఉంటే అది పాత ఫియట్. మడతబందులు వెనక డోరు వైపే ఉండి, ముందు వైపు డోరు లాక్ పట్టుకునే చిన్న పట్టీ తాలూకు బెజ్జాలు మాత్రమే ఉంటే డిలైట్ లేదా ఆ తర్వాతిది. తుప్పు పొరలు కట్టిన చోట స్క్రూడ్రైవర్‌తో గోకితే తెలిసిపోతుంది: మడతబందు ఉన్న చోట రేకు వెనక దళసరి ఇనుప పలక ఉంటుంది, గట్టిగా తగులుతుంది. డోరు బరువంతా మోసే ఆ పలకను ఏ టింకర్ కూడా ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చడు. మార్చాలంటే అయ్యే ఖర్చుకి ఇంకో షెల్, అంటే ఒట్టి బాడీ వస్తుంది.

అయితే పిల్లర్‌కీ పరిమితి ఉంది. డిలైట్‌కీ, 1972లో వచ్చిన ప్రెసిడెంట్‌కీ, 1974 నుంచి పద్మినికీ షెల్ ఇంచుమించు ఒకటే. అక్కడ మళ్లీ గ్రిల్, లైట్లు, బ్యాడ్జీల మీదే ఆధారపడాలి. అవి అసలువో కావో తేల్చుకునే తిప్పలు తప్పవు. హెడ్‌లైట్ లోపలో, డైనమో మీదో లూకాస్ టీవీఎస్ అని ఉంటే, ఆ సంస్థ 1961లో మొదలైంది గనుక ఆ పార్టు అంతకన్నా పాతది కాదు. అది పార్టు వయసే, కారు వయసు కాదు.

షెల్ మరీ చితికిపోతే కిందికి వంగి ముందు చక్రాల దగ్గర చూడాలి. అంబాసిడర్ కుటుంబానికి ముందు కాయిల్ స్ప్రింగులు ఉండవు. కింది ఆర్మ్ నుంచి ఫ్లోర్ కిందుగా వెనక్కి పోయే పొడవాటి ఇనుప కడ్డీ, అంటే టార్షన్ బార్ ఉంటుంది. ఫియట్‌కి కాయిల్ స్ప్రింగులు. ఈ ఒక్క తేడాతో ఆ రెండు కుటుంబాలు విడిపోతాయి. హెరాల్డ్ అయితే ఇంకా సులువు. అంబాసిడర్, ఫియట్‌లకు లేని విడి ఛాసిస్ దానికి ఉంటుంది. బానెట్, రెండు మడ్‌గార్డులు కలిసి ఒకే ముక్కగా ముందుకు వాలుతాయి. ఆ ముక్క పోతే ముందు భాగమంతా బోడిగా, ఇంజన్ బయటికి కనబడుతూ ఉంటుంది. నాలుగు డోర్ల హెరాల్డ్ మన దేశంలో తప్ప ఇంకెక్కడా తయారవలేదు. దాని తర్వాత వచ్చిన గాజెల్‌నీ వెనక యాక్సిల్ పట్టిస్తుంది. హెరాల్డ్‌కి డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి బలం పంచే గేర్ల డబ్బా) ఛాసిస్‌కే బిగించి ఉండి, దాని మీదుగా అడ్డంగా ఒకే కమాన్ కట్ట ఉంటుంది, రెండు చక్రాలూ విడివిడిగా ఊగుతాయి. ఆ పద్ధతి మన రోడ్లకీ, మన మెకానిక్‌లకీ నచ్చలేదు. అందుకని గాజెల్‌కి చక్రం నుంచి చక్రం దాకా ఒకే గట్టి హౌసింగ్ వేశారు.

ఇక జీపు. ఇక్కడ బాడీని అస్సలు నమ్మకండి. హర్యానాలోని మండి డబ్వాలీ లాంటి చోట్ల కొత్త రేకుతో జీపు బాడీలు కట్టిస్తారు. "రెండో ప్రపంచ యుద్ధం జీపండీ" అని అమ్మేవాటిలో చాలా వాటికి ఆ యుద్ధంతో సంబంధం ఉండదు. యుద్ధకాలంలో విల్లీస్ సుమారు 3.6 లక్షల ఎంబీ జీపులు, ఫోర్డ్ అలాంటివే సుమారు 2.8 లక్షల జీపీడబ్ల్యూ జీపులు చేశాయి. వాటి రేకు గ్రిల్‌కి తొమ్మిది గాట్లు. తర్వాత మామూలు జనం కోసం వచ్చిన సీజే జీపులకు, మన మహీంద్రా సీజే 3బీ సహా, ఏడు గాట్లు. గ్రిల్ కొని తగిలించుకోవచ్చు కాబట్టి లెక్కపెట్టి ఊరుకోకూడదు. రేడియేటర్ కింద రెండు ఛాసిస్ పట్టాలనీ కలిపే ముందు క్రాస్ మెంబర్ దగ్గర చెయ్యి పెట్టండి. గుండ్రటి పైపు తగిలితే విల్లీస్. బోర్లించిన కాలువలా పలకలుగా ఉంటే ఫోర్డ్. ఫోర్డ్ దయితే బోల్టు తలల మీద చిన్న ఎఫ్ అక్షరం కూడా కనబడుతుంది. అమెరికా సైన్యానికి చేసినవి గనుక రెండింటికీ స్టీరింగ్ ఎడమ వైపే.

గుర్తుపట్టడానికి నంబర్ ప్లేటుని ఆఖర్న చూస్తాను. 1989కి ముందు మూడు అక్షరాలు, నాలుగంకెలు ఉండేవి. ఆ తర్వాత తిరిగి రిజిస్టర్ చేయించుకుంటే కొత్త నంబరు వస్తుంది. రేకు పలకను ఎవరైనా ఎక్కడైనా తగిలించగలరు కూడా. కొనే ఉద్దేశం ఉంటే మాత్రం వరస మారిపోతుంది, నంబరే ముందు. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు, ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. కానీ ఛాసిస్‌లో, బాడీ షెల్‌లో, ఇంజన్‌లో పెద్ద మార్పులు జరిగి ఉండకూడదు. డబ్వాలీ బాడీ, డీజిల్ ఇంజన్ ఉన్న యుద్ధ జీపుకి క్రాస్ మెంబర్ ఎంత నిజం చెప్పినా ఆ దారి కష్టమే. అంబాసిడర్, ఫియట్ అయితే ఇంజన్‌కీ డాష్‌బోర్డుకీ మధ్య రేకు గోడ మీద ఉన్న నంబరుని తడిగుడ్డతో తుడిచి, ఆర్‌సీతో సరిపోల్చుకోండి. ఆర్‌సీ లేదు, తర్వాత ఇప్పిస్తాం అంటే తుక్కు ధరకి పైసా ఎక్కువ ఇవ్వొద్దు.