జానెడు సిలిగురి, అరచెయ్యంత డోక్లామ్: హనుమకొండలో చేయించిన ఉబ్బెత్తు పటం

పరకాల దగ్గర ఒక జెడ్పీ హైస్కూల్లో సోషల్ చెబుతాను. హనుమకొండ చౌరస్తా నుంచి లోపలికి పోయే ఒక సందులో, బడి పిల్లలకు ప్రాజెక్టు మోడళ్లు చేసిపెట్టే తండ్రీకొడుకుల దుకాణం ఉంది. అక్కడ భూటాన్ పడమటి హద్దును ఉబ్బెత్తు పటంగా చేయించాను. పొడవు ఐదున్నర అడుగులు, వెడల్పు నాలుగడుగులు, మొత్తం 9,500 రూపాయలు. సగం నేను పెట్టుకున్నాను, సగం మా పాత పదో తరగతి బ్యాచ్ వాళ్లు ఇచ్చారు. ఇలాంటిది చేయించాలనుకునే టీచర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఇది ఎందుకంటే, 2017లో సిక్కిం, భూటాన్, టిబెట్ కలిసే చోట ఉన్న డోక్లామ్ పీఠభూమిలో మన సైన్యం, చైనా సైన్యం 73 రోజులు ఎదురెదురుగా నిలబడ్డాయని క్లాసులో చెప్పినప్పుడు ఒక పిల్లవాడు "ఆ భూమి మనదా టీచర్?" అని అడిగాడు. మనది కాదు. భూటాన్ తనదంటోంది, చైనా తనదంటోంది. "మరి భూటాన్ ఏం చేసింది?" అన్నాడు. గోడ మీది పటంలో భూటాన్ బొటనవేలంత ఉంటుంది. దాన్ని చూపిస్తూ జవాబు చెప్పలేకపోయాను.

దుకాణంలో ఒకటే షరతు పెట్టాను. నేల మీద ఒక కిలోమీటరు పటంలో ఒక సెంటీమీటరు కావాలి. ఎత్తు మాత్రం అలా చేస్తే కొండలు కనిపించవు కాబట్టి రెట్టింపు చూపించమన్నాను. ఆ కొలతలో పడమర సిలిగురి నుంచి తూర్పున థింఫు దాకా పడుతుంది. ప్లైవుడ్ మీద థర్మాకోల్ పొరలు, పైన ప్లాస్టర్, ఆ పైన రంగులు. ఈ కొలత పెట్టుకోవడమే ఈ పటంలో అన్నిటికన్నా మంచి పని అయింది. డోక్లామ్ వివాదంలో ఉన్నది 89 చదరపు కిలోమీటర్లు. పటంలో అది సరిగ్గా పిల్లల అరచేతి కింద దాక్కుంటుంది. మన ఈశాన్య రాష్ట్రాలను మిగతా దేశంతో కలిపే సిలిగురి దారి, చికెన్ నెక్ అంటారే, అన్నిటికన్నా ఇరుకైన చోట దాదాపు 22 కిలోమీటర్లు. అంటే జానెడు. ఒక చెయ్యి డోక్లామ్ మీద, రెండో చెయ్యి జాన చాపి సిలిగురి మీద పెట్టి చూడమంటాను. అలా చూశాక ఆ కొండ గురించి ఢిల్లీకి ఎందుకంత టెన్షనో పిల్లలకు నేను విడిగా చెప్పాల్సిన పని లేదు.

ఇక తప్పులు. పదిహేను రోజులన్నది ఇరవై ఆరు రోజులు పట్టింది. అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం, మూడు దేశాలు కలిసే చోటు గుర్తుగా పెట్టిన జెండా గుండుసూది. దాన్ని గిప్‌మోచి కొండ మీద గుచ్చారు. అది చైనా చెప్పే చోటు. మన దేశం, భూటాన్ చెప్పేది దానికి ఉత్తరాన ఉన్న బటాంగ్ లా కనుమ. రెండింటికీ మధ్య ఆరున్నర కిలోమీటర్లు, పటంలో బెత్తెడు. "నెట్ల ఇట్లనే ఉన్నది మేడం, చూసే పెట్టిన" అన్నాడు కొడుకు. నాకు కోపం వచ్చింది. మన దేశం హద్దులు సర్వే ఆఫ్ ఇండియా పటం ప్రకారమే ఉండాలని ఆర్డర్ ఇచ్చేటప్పుడే చెప్పాను, కాగితం కూడా ఇచ్చాను. పెద్దాయన ఆ కాగితం వెతికి తీసి, తప్పు ఒప్పుకుని, తెల్ల జెండాను బటాంగ్ లా మీదికి మార్చాడు. గిప్‌మోచి దగ్గర చైనా వాదనకు గుర్తుగా ఒక ఎర్ర సూది ఉంచమని నేనే అడిగాను. ఈ బెత్తెడు దూరంలోనే కదా తగాదా అంతా ఉన్నది.

ఆ బెత్తెడు వెనక 1890లో కలకత్తాలో బ్రిటిష్ వాళ్లు, చైనా చేసుకున్న ఒప్పందం ఉంది. సిక్కిం, టిబెట్ మధ్య హద్దు గిప్‌మోచి దగ్గర మొదలవుతుందని అందులోనే రాశారు. తీస్తాలోకి పారే నీళ్లను, టిబెట్ వైపు మోచూలోకి పారే నీళ్లను విడదీసే గట్టు వెంట హద్దు సాగుతుందని కూడా అందులోనే రాశారు. చైనా మొదటి మాట పట్టుకుంది. మన దేశం నీళ్ల గట్టు మాట పట్టుకుంది. భూటాన్ ఆ ఒప్పందంలో సంతకం పెట్టిన దేశమే కాదు. ఇది చదివాక సిరంజితో గట్టు మీద నీటి చుక్కలు వేయించి, ఏ చుక్క ఎటు జారుతుందో చూపించాలనుకున్నాను. వేయించాను. ఆకుపచ్చ రంగంతా కరిగి లోయలోకి దిగింది. నీళ్లు పోస్తామని ముందే చెప్పినా వార్నిష్ వేయడం మర్చిపోయారు. ఫోన్ చేస్తే ఆ ఆదివారమే పెద్దాయన బస్సులో వచ్చి, బడిలోనే కూర్చుని రెండు పూతలు వేసి వెళ్లాడు, పైసా తీసుకోలేదు. ఇప్పుడు చుక్కలు చక్కగా జారుతున్నాయి. టిబెట్‌లోని చుంబీ లోయ నుంచి దిగే అమో చూ నది భూటాన్ దాటి, ఫుంట్‌షోలింగ్ పక్కనుంచి బెంగాల్లోకి తోర్సాగా వస్తుందని పిల్లలు వేలితో గీసి చూపిస్తారు. మోచూ అన్నది దీన్నే.

వార్నిష్ వేస్తూ పెద్దాయన అడిగాడు, "ఇద్దరు పెద్ద పట్టాదారుల నడుమ ఎకరం ఉన్నోని లెక్క. ఇంతకీ ఆ దేశం ఎట్ల బతుకుతున్నది మేడం?" నాకు చాలా నచ్చిన ప్రశ్న అది. భూటాన్‌లో జనాభా ఎనిమిది లక్షల లోపే. సముద్రం లేదు. చైనాతో దౌత్య సంబంధాలు లేవు. ఆ మాటకొస్తే భద్రతా మండలిలో శాశ్వత సభ్యత్వం ఉన్న ఐదు దేశాల్లో దేనితోనూ లేవు. 2017లో డోక్లామ్‌లో చైనా రోడ్డు పనులు మొదలుపెట్టినప్పుడు నిరసన పత్రాన్ని ఢిల్లీలోని చైనా రాయబార కార్యాలయానికే ఇచ్చింది. జూన్ 29న ఒక ప్రకటన చేసింది. రోడ్డు వేయడం చైనాతో చేసుకున్న 1988, 1998 ఒప్పందాలకు విరుద్ధమని, పాత స్థితికి వెళ్లాలని అందులో చెప్పింది. ఆ తర్వాత ఎక్కువ మాట్లాడలేదు. ఆగస్టు 28న రెండు సైన్యాలు వెనక్కి తగ్గాయి. ఆ మౌనాన్ని కొందరు భయం అన్నారు. నేనలా అనుకోను. 1984 నుంచి చైనాతో నేరుగా కూర్చుని, 2016 నాటికి 24 విడతలు మాట్లాడి, ఎక్కడా తెగే దాకా లాగని దేశం అది. 25వ విడత 2023 అక్టోబరులో బీజింగ్‌లో జరిగింది.

పటంలో నాకున్న పెద్ద లోటు ఉత్తరం వైపు లేకపోవడం. 1990లలో చైనా ఒక మార్పిడి అడిగింది. ఉత్తరాన పసమ్‌లుంగ్, జకర్‌లుంగ్ లోయల్లో 495 చదరపు కిలోమీటర్లు వదులుకుంటాం, పడమర డోక్లామ్‌తో కలిపి 269 ఇవ్వండి అని. ఆ లోయలు మా పలక బయట ఉండిపోయాయి. అందుకని అట్టముక్కలు కోయించాను. 495 ముక్క ఏ4 కాగితం కన్నా కాస్త చిన్నది, 269 ముక్క అందులో సగానికి కాస్త ఎక్కువ. "పెద్దది తీస్కుంటే అయిపోతది కదా టీచర్" అన్నారు క్లాసంతా. చిన్న ముక్కను పటం మీద దాని చోట పెట్టమన్నాను. పెట్టిన అమ్మాయి కిందికి, సిలిగురి వైపు చూసి, "అయితే మనోళ్లు ఊకుంటారా?" అంది. భూటాన్ ఆ మార్పిడికి ఒప్పుకోలేదు. 1949 ఒప్పందం ప్రకారం విదేశీ వ్యవహారాల్లో మన సలహా మీద నడిచిన దేశం అది. 2007లో ఆ మాట తీసేసి కొత్త ఒప్పందం రాసుకున్నాం. అయినా తన భూమి గురించి మాట్లాడేటప్పుడు మన జానెడును కూడా లెక్కలో పెట్టుకోవాల్సి వస్తోంది. ఆ బరువు సంగతి మనం గుర్తుపెట్టుకోవాలని పిల్లలకు గట్టిగానే చెప్పాను.

అదే రోజు ఇంకో అమ్మాయి, అమ్మమ్మది కెరమెరి మండలం, లేచి నిలబడింది. "మా అమ్మమ్మోళ్లకు రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్నయి టీచర్" అంది. నిజమే, ఆసిఫాబాద్ జిల్లాలో పరందోళి లాంటి ఊళ్లను తెలంగాణ తమవంటుంది, మహారాష్ట్ర తమవంటుంది. కానీ ఆ రెండిటి పైన ఢిల్లీ ఉంది, సుప్రీంకోర్టు ఉంది. భూటాన్ తగాదా తీర్చడానికి పైన అలా ఎవరూ లేరు. ఆ పీరియడ్‌లో మిగతా టైమంతా దీని మీదే గడిచింది.

చేయించే వాళ్లు ఒక సంగతి చూసుకోండి. ఇంత పెద్దది రెండు ముక్కలుగా చేసి బోల్టులు బిగిస్తారు. మాకు అతుకు సరిగ్గా చుంబీ లోయ మీదుగా పోయింది. ట్రాలీ ఆటోలో వచ్చేటప్పుడు అక్కడే పగులు వచ్చింది. అతుకు ఎక్కడ రావాలో ముందే గీసి ఇవ్వండి. పాత పరుపులుంటే కింద పరిపించండి.

మొన్న శనివారం మళ్లీ వెళ్లి, ఉత్తరం లోయల ముక్కకు వెయ్యి రూపాయలు అడ్వాన్స్ ఇచ్చి వచ్చాను. ఈసారి ప్రతి సూది ఎక్కడ గుచ్చాలో పెన్సిల్‌తో గీసిన కాగితం పెద్దాయన చేతికే ఇచ్చాను. ఆయన దాన్ని గోడకున్న మేకుకు తగిలించి, వార్నిష్ అని కింద తనే రాసుకున్నాడు.