జాకెట్ ఈకలా, ఫైబర్ ముక్కలా, బూరుగు దూదా: దిండుకి ఏది మేలు?

అమెరికా నుంచి పిల్లలు వచ్చి వెళ్లే సీజన్ అయిందంటే చాలు, నన్ను అందరూ ఇదే అడుగుతారు. "మా అబ్బాయి పాత జాకెట్లు వదిలేసి వెళ్లాడండీ. ఇక్కడ ఎవరూ వేసుకోరు. లోపల మెత్తగా ఏదో ఉంది, విప్పి దిండు కుట్టుకోవచ్చా?" ఈమధ్య దీనికి తోడు ఇంకొన్ని చేరాయి. బొంత కుట్టగా మిగిలిన ఫైబర్ (పాలిస్టర్ నార) షీటు ముక్కలు, చిరిగిపోయిన స్లీపింగ్ బ్యాగు, ఆఖరికి ఏసీ బిగించినవాళ్లు మేడ మీద వదిలేసిన ఇన్సులేషన్ తుక్కు కూడా. విడివిడిగా జవాబులు రాయలేక అన్నిటికీ కలిపి ఇక్కడ చెప్పేస్తున్నాను. సంచి కుట్టి, నింపి, మూతి కుట్టేయడం మీకు వచ్చిన పనే కాబట్టి ఆ జోలికి వెళ్లను. లోపల ఏం పెట్టాలన్నదే తేలాలి.

ఏసీ వాళ్ల తుక్కు సంగతి ముందే తేల్చేద్దాం. పసుపుగానో గులాబీ రంగులోనో దూది పరుపులా కనిపించేది గ్లాస్ వూల్, అంటే గాజు నార. రాక్ వూల్ అయితే రాతిని కరిగించి తీసిన నార. ఎంత మందం గుడ్డలో పెట్టి కుట్టినా సన్నటి పోగులు బయటికి వస్తూనే ఉంటాయి. ఒళ్లు దురద, కళ్ల మంట, గొంతు గరగర తప్పవు. రాత్రంతా ముఖం ఆనించి పడుకునే దిండులో దాన్ని పెట్టే మాటే లేదు. పాత ఫ్రిజ్ తలుపులోంచి ఊడదీసిన గట్టి పఫ్, అంటే ఒక రకం ఫోమ్, కూడా అంతే, నలిగేకొద్దీ పొడిపొడి అవుతుంది. గోడలకీ డక్టులకీ వేసేదాన్ని అక్కడే వదిలేయండి. జాకెట్లలో, బొంతల్లో, స్లీపింగ్ బ్యాగుల్లో ఉండేదాని గురించే ఈ లెక్కంతా.

మీ చేతిలో ఉన్నది ఏమిటో తెలియకపోతే చిటికెడు తీసి పట్టకారుతో పట్టుకుని, సింకు మీద, ఫ్యాన్ ఆపేసి నిప్పు చూపించండి. వెంట్రుక కాలిన కంపు వస్తే ఈక. కరిగి చుక్కలా ముద్దకట్టి, చల్లారాక గట్టి పూసలా మిగిలితే పాలిస్టర్. కాగితం కాలిన వాసన వచ్చి బూడిద రాలితే పత్తో బూరుగో. అంటుకోనే అంటుకోకపోతే అది గాజు నార అనుకుని సంచీలో కట్టి బయట పడేయండి. చాలామంది ఈకల జాకెట్ అనుకుని దాచుకునేవాటిలో నిజానికి పాలిస్టరే ఉంటుంది. ఉబ్బుగా కనిపించినంత మాత్రాన ఈకలు ఉన్నట్టు కాదు. లోపలి కుట్టు దగ్గర ఉండే లేబుల్ చూస్తే ఈ నిప్పు తంటా కూడా అక్కర్లేదు.

ఇక ఈకల విషయం. డౌన్ అంటే బాతు జాతి పక్షుల పొట్ట మీద పెద్ద ఈకల కింద ఉండే నూగు. మధ్యలో కాడ ఉండదు, అందుకే గుచ్చుకోదు. దాన్ని చేతిలో పట్టుకుంటే బరువే తెలియదు, పిడికిట్లో నలిపి వదిలితే మళ్లీ విచ్చుకుంటుంది. ఒక ఔన్సు నూగు ఎన్ని ఘనపు అంగుళాల చోటు నింపుతుందో ఆ అంకెను లేబుల్ మీద వేస్తారు. 600 అంటే మంచిది, 800 అంటే చాలా మంచిది. అయితే ఈ అంకె చలి ఆపడానికి కొలమానం, తల మోయడానికి కాదు. మనిషి తల నాలుగైదు కిలోలు ఉంటుంది. ఎంత గొప్ప నూగైనా ఆ బరువుకి కిందికి దిగిపోతుంది. కంపెనీలు చాలా దిండ్లలో కాడలున్న చిన్న ఈకలు కలిపేది ఖరీదు తగ్గించడానికే కాదు, దిండుకి కాస్త ఊతం ఉండాలని కూడా.

పైగా తూకం సరిపోదు. తేలికపాటి జాకెట్‌లో ఉండే నూగు వంద గ్రాములు, కొంచెం అటూ ఇటూ. మనం వాడే 16 x 24 అంగుళాల దిండుకి కనీసం మూడు నాలుగు వందల గ్రాములు కావాలి. అంటే మూడు నాలుగు జాకెట్లు చింపితే ఒక దిండు. ఆ చింపడం కూడా సరదా పనేమీ కాదు. జాకెట్‌లో నూగు గళ్లు గళ్లుగా ఉంటుంది, ఒక్కో గడిని విడిగా విప్పాలి. విప్పిన మరుక్షణం ముక్కులోకి, జుట్టులోకి, పప్పు డబ్బాలోకి కూడా వెళ్తుంది. తప్పదనుకుంటే బాత్‌రూమ్‌లో తలుపు వేసుకుని, గోడలు తడిపి, గడి మూతిని దిండు సంచి మూతికి పిన్నులతో బిగించి దులపండి. ఇంకా తేలికైన పద్ధతి ఉంది. జిప్పు, గుండీలు కత్తిరించేసి, జాకెట్లను విప్పకుండానే మడతపెట్టి సంచీలో దోపేయడం. చూడ్డానికి అందంగా ఉండదు గానీ గలీబు తొడిగాక ఎవరు చూస్తారు!

నా దృష్టిలో అసలు తేడా మెత్తదనంలో లేదు. తడి ఎలా వస్తుంది, ఎలా పోతుంది అన్నదే అసలు విషయం. మన ఇళ్లలో దిండు పడే పాట్లు తెలిసినవే. తలకి కొబ్బరినూనె, మే నెలలో చెమట, తలస్నానం చేసి ఆరీ ఆరకుండానే వాలిపోవడం. ఏడాది తిరిగేసరికి గలీబు దాటి లోపలి గుడ్డ మీద పసుపు మరకలు, ముక్కిపోయిన వాసన. కాబట్టి ఏ దిండునైనా నేను ఒకే ప్రశ్న అడుగుతాను: దీన్ని ఉతికితే ఆరుతుందా? శ్రావణంలో విశాఖలోనో కాకినాడలోనో ఆరుతుందా?

నూగు ఇక్కడే చతికిలబడుతుంది. తడిస్తే ఉండలు కట్టి అట్టలా అంటుకుపోతుంది. చలిదేశాల్లో వాళ్లు దాన్ని డ్రయర్‌లో తక్కువ వేడి మీద, రెండు మూడు టెన్నిస్ బంతులు వేసి, గంటల తరబడి తిప్పుతారు. ఆ బంతులు కొడుతుంటే ఉండలు విడిపోతాయి. మన వాషింగ్ మెషిన్లలో చాలావాటికి ఉన్నది నీళ్లు పిండే స్పిన్ మాత్రమే, వేడిగాలితో ఆరబెట్టేది కాదు. తీగ మీద వేస్తే పైగుడ్డ సాయంత్రానికే ఆరిపోయి మనల్ని మోసం చేస్తుంది, నడిమధ్యలో తడి రోజుల తరబడి ఉండిపోతుంది. ఆ తర్వాత వచ్చే కంపు తడిసిన కోడిపుంజు కంపే, ఇంకో పోలిక లేదు. ఇది మన ఒక్కరి బాధే కాదు. తడిసిన నూగు వెచ్చదనం ఇవ్వడం మానేస్తుందనే 1980ల్లో అమెరికా సైన్యం దానికి బదులు కృత్రిమ నార కావాలంది. అలా ఆల్బనీ ఇంటర్నేషనల్ కంపెనీ తయారుచేసిందే ప్రైమాలాఫ్ట్. ఇప్పుడు ఎన్నో జాకెట్లలో ఉండేది ఇలాంటి పాలిస్టర్ నింపుడే.

పాలిస్టర్ తడి పీల్చదు. మామూలు తేమ ఉన్న గాలిలో వంద గ్రాముల పత్తి ఏడెనిమిది గ్రాముల నీటిని పట్టి ఉంచుకుంటుంది. నూగు దానికేమీ తీసిపోదు. పాలిస్టర్ అర గ్రాము కూడా పట్టుకోదు. అందుకే ఫైబర్ దిండుని ఉతికి, పిండి, మేడ మీద ఎండలో వేస్తే సాయంత్రానికి లోపలిదాకా ఆరిపోతుంది. ముసురు రోజుల్లో ఫ్యాన్ కింద ఒక రాత్రి ఎక్కువ పడుతుందేమో, అంతే. ప్లాస్టిక్ నీళ్ల సీసాలు కరిగించి తీసిన రీసైకిల్డ్ నారకీ, కొత్త నారకీ ఈ విషయంలో తేడా లేదు.

దీనికీ లోపాలున్నాయి. చెమట పీల్చదు కాబట్టి అది తల కిందే ఉండిపోతుంది. పైన మందపాటి నూలు గలీబు లేకపోతే వేసవిలో మెడంతా జిడ్డు జిడ్డుగా ఉంటుంది. ఏడాది రెండేళ్లలో అణిగిపోతుంది. ఉతికినప్పుడల్లా సన్నటి ప్లాస్టిక్ పోగులు నీళ్లలోకి వెళ్తాయి, అందుకే లోపలి సంచిని ఒత్తుగా నేసిన గుడ్డతో కుట్టాలి. వేడి నీళ్లలో మరిగించకూడదు.

ముక్కల నుంచి చేసేటప్పుడు ఎక్కువమంది చేసే పని ఏమిటంటే, షీటుని కత్తెరతో చిన్న చిన్న చదరాలుగా కోసి కుక్కేయడం. వారం తిరక్కుండానే ఆ చదరాలన్నీ ముడుచుకుని గోళీల్లా తయారవుతాయి. షీటు రెండు రకాలు. ఒకటి వదులుగా ఉంటుంది. అంచు పట్టుకుని లాగితే పొరలు పొరలుగా, పీచు పీచుగా విడిపోతుంది. దాన్ని కత్తెర పెట్టకుండా చేత్తోనే చీల్చి, వేళ్లతో విదిలించి, గాలి ఎక్కించి నింపాలి. రెండోది పైన జిగురు చల్లి గట్టిపరిచిన షీటు. లాగితే చిరుగుతుంది గానీ విడదు. దాన్ని పీచు చేయాలని కుస్తీ పట్టొద్దు. దిండు కొలతకన్నా రెండు వైపులా రెండేసి అంగుళాలు తగ్గించి పలకలుగా కోసి, దొంతర పేర్చి, నాలుగు మూలలా ఒక్కో టాకా వేసి నడిమికి పెట్టండి. చుట్టూ, ముఖ్యంగా మూలల్లో, విదిలించిన పీచు కుక్కండి. నడుమ పలక ఉంది కాబట్టి తల కింద గుంట పడదు, ఉతికినా ఉండ కట్టదు. అన్నీ కలిపి ఆరేడు వందల గ్రాములు చాలు. గట్టిగా కావాలంటే ఇంకో వంద. పాత జాకెట్, స్లీపింగ్ బ్యాగు లాంటివైతే ముందే, చింపకుండా, ఒకసారి ఉతికి ఆరబెట్టుకోండి. తర్వాత ఆ పని పది రెట్లు కష్టం.

"మరి మన బూరుగు దూది ఏం పాపం చేసింది?" అని అడిగేవాళ్లున్నారు. ఏ పాపమూ చేయలేదు. కొత్తగా డబ్బు పెట్టి కొనేట్టయితే నేను చెప్పేది బూరుగే. దాని పోగు లోపల బోలుగా, గాలితో నిండి ఉంటుంది. పైన మైనం పూత ఉంటుంది. ఆ గుణం వల్లే రెండో ప్రపంచ యుద్ధం దాకా నావికుల లైఫ్ జాకెట్లలో దాన్నే నింపారు. చెమటకి తడిసి ముద్దవదు, వేసవిలో చల్లగా ఉంటుంది. అయితే ఉతకడానికి పనికిరాదు. ఎండలో వేసి, తిరగేసి, కర్రతో నాలుగు తగిలించడమే దానికి ఉతుకు. పోగు పెళుసు కాబట్టి ఏళ్లు గడిచేకొద్దీ నుసి అవుతుంది, ఆ నుసికి తుమ్ములొచ్చేవాళ్లు ఉంటారు. గింజ పూర్తిగా తీసిందా లేదా అని సంచీలోకి చెయ్యి పెట్టి చూసుకుని మరీ తీసుకోండి. గింజ మిగిలిన దూదికి ఎలుకలు ఎక్కడున్నా వచ్చేస్తాయి. ఇంటి పక్కన చెట్టుంటే వేసవిలో కాయ పగిలేలోపే కోయించుకోవాలి, పగిలాక దూది ఊరి మీద పోతుంది.

పత్తి దూదిది బూరుగుకి సరిగ్గా ఎదురు స్వభావం. చెమట తాగుతుంది, బరువెక్కుతుంది, రాయిలా గట్టిపడుతుంది. కానీ ఏకించుకుంటే మళ్లీ కొత్తదవుతుంది, ఆ సుగుణం మిగతా వేటికీ లేదు. మీ ఊళ్లో దూదేకే మిషను ఇంకా నడుస్తుంటే పాత పరుపు దూదిని పారేయకండి. ఫోమ్ ముక్కల దిండు పిల్లలు కొట్టుకోవడానికి బాగుంటుంది. థర్మోకోల్ పూసలు బీన్ బ్యాగుకి సరే, చెవి కింద కరకర శబ్దం మీకు ఇష్టమైతే దిండుకీ సరే. ఏడాది లోపు చంటిపిల్లలకి మాత్రం ఇందులో ఏదీ వద్దు, ఆ వయసుకి దిండే అక్కర్లేదు.

కాబట్టి విజయవాడలోనో కరీంనగర్‌లోనో ఉండి, ఇంట్లో పడున్న ముక్కలతో దిండు చేసుకోవాలంటే పాలిస్టర్ ఫైబరే. ఈకల జాకెట్లు దొరికినా వాటిని దిండు చేయకండి, చలికాలంలో అరకు వెళ్లేవాళ్లకి ఇచ్చేయండి. డాలస్‌లోనో టొరంటోలోనో ఉండి, ఇంట్లో డ్రయర్ ఉన్నవాళ్ల లెక్క వేరు. పాత నూగు బొంత ఒక్కటి విప్పితే రెండు దిండ్లకి సరిపడా వస్తుంది, జాకెట్లతో కుస్తీ అక్కర్లేదు. సంచీకి మాత్రం నూగు దాటనివ్వని, ఒత్తుగా నేసిన గుడ్డ అడిగి కొనండి, మామూలు పాప్లిన్ దాన్ని ఆపదు. ఇక్కడికి వచ్చేటప్పుడు సూట్‌కేసులో పాత జాకెట్లు కుక్కే ముందు లేబుల్ ఫొటో తీసి అమ్మకి వాట్సాప్‌లో పంపండి. పాలిస్టర్ అని ఉంటే తీసుకురండి, డౌన్ అని ఉంటే అక్కడే ఎవరికైనా ఇచ్చి ఆ చోట్లో ఇంకేమైనా పట్టుకురండి.